తెరపై దైవదర్శనము: దాదాసాహెబ్ ఫాల్కే జీవితము

మహాపురుషుల జీవితములందు ఒక్కొక్క దినము తక్కిన దినములన్నిటికంటె బరువైనదిగా నుండును. భారతీయ చలనచిత్రమునకు పితామహుడని పేరొందిన ధుండిరాజ్ గోవింద ఫాల్కే జీవితమునను అట్టి దినమొకటి కలదు. ఆనాడు ఆయనకు సన్మానము జరుగలేదు, పదవి లభింపలేదు, ధనము చేకూరలేదు. భార్యను వెంటబెట్టుకొని బొంబాయి గిర్గాంలోని ఒక సినిమాశాలకు పోయి, ఎనిమిదణాల టిక్కెట్టు తీసికొని, క్రీస్తు జీవితమును తెరపై చూచి వచ్చెను. జరిగినది అంతియే. కాని ఆ ప్రేక్షకుడు ఇల్లు చేరునప్పటికి ఈ దేశపు చలనచిత్ర చరిత్రకు బీజము పడియుండెను.

క్రిస్మస్ దినములలో క్రీస్తు కథను తెరపై చూపుట చలనచిత్రము పుట్టిననాటినుండి లోకమంతట నున్న ఆచారము. అట్టి చిత్రమును చూచువారు దానినుండి ఏమి పొందుచున్నారు? ఆ మతస్థుడు కన్నీరు కార్చుట సహజమే. పరమతస్థుని హృదయమున ఏమి జరుగును? ఈ ప్రశ్నకు ఫాల్కే జీవితముకంటె మంచి సమాధానము దొరకదు.

సూరత్ నగరమున పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతములలో మగ్గముల పనికై తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకును, కేంద్ర ప్రభుత్వోద్యోగముల మీద ఇచ్చటికి వచ్చిన తెలుగువారికిని ఈ జీవితము పరాయిది కాదు. ఫాల్కే మహారాష్ట్రుడైనను ఆయన విద్య గుజరాత్‌లో పండినది. ఆయనయు కొంతకాలము ప్రభుత్వోద్యోగియే. ఆయన తొలి చిత్రము ఎదుర్కొన్న కఠిన పరీక్షలలో ఒకటి ఈ సూరత్ నగరముననే జరిగినది.

ఫాల్కే 1870 ఏప్రిల్ 30వ తేదీన నాసిక్ సమీపమున గల త్ర్యంబకేశ్వర క్షేత్రమున జన్మించెను. తండ్రి సంస్కృత పండితుడు, పౌరోహిత్యము కులవృత్తి. బాలుడు పురాణ శ్రవణముతోను, ఆలయపు గంటల నాదముతోను పెరిగెను. తండ్రికి బొంబాయిలో సంస్కృతోపాధ్యాయ పదవి లభించుటచే కుటుంబము ఆ నగరమునకు తరలెను. కుమారునికి శాస్త్రపాఠముకంటె రంగులమీద మక్కువ యెక్కువ. 1885లో ఆయన బొంబాయిలోని జె. జె. కళాశాలలో చేరి చిత్రలేఖనము నభ్యసించెను. పిదప అన్నతో బరోడా చేరి, అచ్చటి కళాభవనమున తైలవర్ణ చిత్రములను, జలవర్ణ చిత్రములను వ్రాయుట నేర్చెను.

కళాభవనమునకు అధిపతి ప్రొఫెసర్ గజ్జర్. ఆయన సూరత్‌లో జన్మించిన రసాయన శాస్త్రజ్ఞుడు. శిష్యుని చేతినేర్పును కనిపెట్టి ఆయన ఛాయాగ్రహణమునందును, అచ్చుదిమ్మెలు చేయుటయందును ఫాల్కేను ప్రోత్సహించెను. అద్దపు పలకపై వెలుగు వ్రాసిన బొమ్మను మందుల నీటిలో ముంచి వెలికిదీయు విద్య ఫాల్కేకు ఆ రోజులలో పట్టువడెను. ఈ విధముగా భారతీయ చలనచిత్రపు తొలిగురువులలో ఒకడు సూరత్ బిడ్డ అని చెప్పుకొనుటకు ఈ నగరమునకు హక్కు కలదు.

విద్య కుదిరినను బ్రతుకు కుదురలేదు. గోధ్రా పట్టణమున ఫోటో స్టూడియో పెట్టెను. 1900 ప్రాంతమున ప్లేగు వ్యాధి వ్యాపించి ఆయన భార్యను, బిడ్డను పొట్టనబెట్టుకొనెను. దుఃఖమును దిగమ్రింగి బరోడాకు తిరిగివచ్చి మరల ఫోటోల వ్యాపారము నారంభించెను. కెమెరా మనుష్యుని సత్తువను పీల్చివేయుననియు, బొమ్మ తీయించుకొన్నవాడు త్వరలో మరణించుననియు ఊరిలో వదంతి పుట్టుటచే జనులు ఆ వైపునకు పోవుటకే జంకిరి. బొమ్మను గూర్చి జనుల మనస్సులో భయము, భక్తి ఎంత లోతుగా నుండునో ఫాల్కే మొదట తెలిసికొన్నది ఆ నష్టముచేతనే. అటుపిమ్మట ఆయన నాటక సమాజములకు తెరలు వ్రాసెను. ఒక జర్మను ఐంద్రజాలికుని దగ్గర గారడి విద్య నేర్చెను. 1902లో ద్వితీయ వివాహము చేసికొనెను. ఆ సాధ్వి పేరు సరస్వతీబాయి.

1903లో ఫాల్కే భారత పురావస్తు శాఖలో ఛాయాగ్రాహకుడుగను, చిత్తులేఖకుడుగను చేరెను. ఆ శాఖ నేటికిని కేంద్ర ప్రభుత్వ శాఖయే. నెల తిరుగునప్పటికి జీతము చేతికి వచ్చు కొలువు. పెన్షను ఆశ గల కొలువు. ఇల్లాలికి అంతకంటె కోరదగినది ఏమున్నది? కాని స్వదేశోద్యమము దేశమునందంతట అలలెత్తుచున్న 1906లో ఆయన ఆ ఉద్యోగమును విడిచిపెట్టెను. లోణావ్లాలో అచ్చుకూటము స్థాపించి, రాజా రవివర్మ చిత్రములకు శిలాముద్రణములు చేసెను. దేవతలను ఇంటింటి గోడలపైకి తెచ్చిన ఆ పటములపై పనిచేసిన చేతులే తరువాత దేవతలను తెరపైకి తెచ్చెను. అచ్చుకూటము దాదరుకు మారి వృద్ధిలోనికి వచ్చెను. 1909లో రంగుల ముద్రణ యంత్రములకై జర్మనీకి పోయివచ్చెను. ఇంతలో భాగస్వాములతో భేదము వచ్చి ఫాల్కే అన్నియు వదలి బయటికి వచ్చెను. నలుబది యేండ్ల వయస్సున చేతిలో ఉద్యోగము లేదు, వ్యాపారము లేదు, కుటుంబ భారము మాత్రము కలదు.

అట్టి దినములలో ఆయన అడుగు అమెరికా ఇండియా పిక్చర్ ప్యాలెస్ అను సినిమాశాలలో పడెను. ఆ సంఘటన 1910 క్రిస్మస్ దినములలో జరిగెనని లోకప్రసిద్ధి. 1911 నాటి మాట యనువారును కలరు. మొదట కుమారుని తీసికొనిపోయి తెరపై మసలు మృగములను చూచి ఆశ్చర్యపడెను. బాలుడు ఇంటికి వచ్చి చెప్పిన సంగతి ఎవరును నమ్మకపోగా, మరునాడు ఇంటివారిని వెంటబెట్టుకొని మరల పోయెను. శాల బయట బ్యాండు మేళము, విద్యుద్దీపముల కాంతి. లోపల క్రైస్తవులును, ఐరోపావారును కిక్కిరిసి యుండిరి. ముందుగా తెరపై ఒక కోడిపుంజు బొమ్మ కదలెను. పిదప ఒక హాస్యచిత్రము నడచెను. భాగమునకు భాగమునకు నడుమ దీపములు వెలిగించి గారడివిద్యలు, వ్యాయామ విన్యాసములు చూపిరి. అటుపిమ్మట క్రీస్తు జీవితము మొదలయ్యెను.

అట్టి చిత్రములు అప్పటికే పాశ్చాత్య దేశములందు పెక్కు వెలువడియుండెను. 1898లో న్యూయార్కు నగరమున ప్రదర్శించిన ఒక క్రీస్తు చిత్రము బవేరియాలోని ప్రసిద్ధ నాటకమునకు ప్రతిబింబమని ప్రకటింపబడెను. నిజమునకు అది ఆ నగరమునందే ఒక మేడ కప్పుమీద తీయబడినది. ఆ రహస్యము బయటపడిన తరువాతను జనులు వచ్చుచునే యుండిరి. ఫ్రాన్సు దేశమున పాథే సంస్థ 1902 మొదలు 1905 వరకు క్రీస్తు చరిత్రను దృశ్యములుగా తీసి రంగులద్దించెను. గోమాఁ సంస్థ పక్షమున 1906లో ఆలీస్ గీ అను మహిళ అట్టి చిత్రమునే నిర్మించెను. వీనికి శబ్దము లేదు. కథను విడమరచి చెప్పు సంభాషణలు లేవు. ఐనను చూచువారికి కథ ముందే తెలియును. తెరపై లేనిదానిని వారి హృదయమే పూరించుకొనును. భక్తిచిత్రముయొక్క బలమంతయు అచ్చటనే యున్నది.

ఆ దినమున గిర్గాంలో జరిగినదియు అదియే. క్రీస్తు శ్రమలను, సిలువను చూచి చుట్టును ఉన్నవారు ఏడ్చుచుండిరి. ఫాల్కే కన్నులముందు సిలువ కదలుచుండగా ఆయన మనస్సులో గోకులమును, అయోధ్యయు కదలెను. క్రీస్తును చూచుచు ఆయన కృష్ణుని చూచెను, రాముని చూచెను. ఆ చిత్రము ఆయనను మతాంతరుని చేయలేదు. ఆ చిత్రముపై ద్వేషమును పుట్టింపలేదు. పొరుగువాని ఇంట వెలిగిన దీపముతో తన ఇంటి దీపమును వెలిగించుకొన్నట్లు, పరుల భక్తి ఆయన స్వభక్తిని మేల్కొలిపెను. తిరిగివచ్చు త్రోవలో, మనమును రామకృష్ణుల చిత్రములను తీయుదమని ఆయన భార్యతో చెప్పెను. సరస్వతీబాయికి ఆ మాట సంతోషము కలిగింపలేదు. సంపాదన లేని ఇంట ఇది యేమి కోరికయని కాబోలు, ఆమె మౌనముగా నడచెను. కాని కార్యము వచ్చినప్పుడు ఆ మౌనమునుండియే భర్తకు కొండంత బలము లభించెను.

పట్టుదల ఆయన కన్నులమీదికి వచ్చెను. పగలు ప్రయోగములు, సాయంకాలము నాలుగైదు గంటలపాటు సినిమాలు, నిద్ర స్వల్పము. తుదకు చూపు మందగించి కొంతకాలము దాదాపు అంధుడయ్యెను. చూపే ఆధారమైన విద్యకు ఇంతకంటె గొప్ప విపత్తు లేదు. దైవానుగ్రహమువలనను, ఒక వైద్యుని శ్రద్ధవలనను చూపు మరల వచ్చెను. జీవిత భీమా పత్రములను తాకట్టుపెట్టి అప్పు తెచ్చి, 1912 ఫిబ్రవరిలో లండనుకు బయలుదేరెను. అచ్చట సినిమా పత్రికా సంపాదకుడొకడు పరిచయమై, సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని చూచుటకు ఏర్పాటు చేసెను. విలియంసన్ కెమెరాను, ముడి ఫిల్మునకు అంచున రంధ్రములు చేయు యంత్రమును సమకూర్చుకొని ఏప్రిల్ నెలలో స్వదేశము చేరెను.

ఋణమిచ్చువారికి నమ్మకము కలిగించుటకై ఆయన చేసిన పని ముచ్చటగా నుండును. కుండీలో బఠానీ గింజ నాటి, నెలకు పైగా దినమునకొక బొమ్మ చొప్పున తీసి, మొక్క కన్నులముందే మొలకెత్తి పెరుగునట్లు చూపించెను. ఆ చిన్న చిత్రమును చూచినవారు పెట్టుబడి యిచ్చిరి. చాలని సొమ్మునకు సరస్వతీబాయి నగలు పోయెను. ఆమె నగలిచ్చి ఊరకుండలేదు. రాత్రివేళ చీకటి గదిలో ఫిల్మునకు రంధ్రములు చేసెను, రసాయనములలో కడిగెను, పగలు ఎండ తీవ్రతను తగ్గించుటకు తెల్లదుప్పట్లు పట్టుకొని నిలిచెను, పనివారందరికి వండి వడ్డించెను. తొలి భారతీయ చిత్రమును గూర్చి చెప్పునప్పుడు ఆమె పేరు చెప్పకుండుట కృతఘ్నత యగును.

కథ హరిశ్చంద్రోపాఖ్యానము. చంద్రమతి పాత్రకు స్త్రీ యెవరును ముందుకు రాలేదు. ఒక భోజనశాలలో వంటపని చేయుచుండిన అన్నా సాళుంకే అను యువకుడు ఆ పాత్ర ధరించెను. ఫాల్కే కుమారుడు లోహితాస్యుడయ్యెను. ఆరు మాసములు పైబడిన శ్రమతో 3,700 అడుగుల చిత్రము సిద్ధమయ్యెను. 1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషన్ సినిమాశాలలో రాజా హరిశ్చంద్ర ప్రజల యెదుటికి వచ్చెను. జనులు ఆదరించిరి.

తరువాత చిత్రము సూరత్‌కు వచ్చెను. ఇచ్చట తొలిదినమున వసూలైనది మూడు రూపాయలని చరిత్రకారులు వ్రాసియున్నారు. కారణము స్పష్టమే. రెండణాలకు ఆరు గంటల నాటకము చూడగల ప్రేక్షకుడు మూడణాలిచ్చి గంటన్నర చిత్రము నేల చూచును? వర్తకమెరిగిన నగరమిది, సరుకును కొలిచిగాని పైకము ఇయ్యదు. చిత్రమును పొడిగింపుమనియో, ధర తగ్గింపుమనియో శాల యజమాని ఫాల్కేను వేడుకొనెను. ఫాల్కే రెండును చేయలేదు. మూడణాలకే యేబది యేడు వేల ఛాయాచిత్రములు, రెండు మైళ్ళ పొడవు గల బొమ్మ చూడవచ్చునని ప్రకటన వేయించెను. కొలతలో అతిశయోక్తి లేకపోలేదు. ఐనను సూరత్ వర్తకునకు ఆ లెక్క నచ్చెను. మూడు రూపాయల వసూలు మూడు వందలకు పెరిగెను.

ఈ వృత్తాంతమును వింతగా మాత్రము చెప్పుకొని విడువరాదు. బేరమాడి లోపలికి వచ్చిన ప్రేక్షకుడు లోపల బేరము మరచెను. లెక్క చూచి కొన్న టిక్కెట్టుతో హరిశ్చంద్రుని కష్టములకు కరగెను. భక్తిచిత్రమునకు రెండు ద్వారములు కలవు. వెలుపలి ద్వారమున పైకము, లోపలి ద్వారమున శ్రద్ధ. మొదటిదానిని నిర్మాత తెరచును. రెండవదానిని ప్రేక్షకుడే తెరవవలెను.

ఆ రెండవ ద్వారము ఎంత విశాలముగా తెరచుకొనునో 1917లో వెలువడిన లంకాదహనము చూపెను. అందు సాళుంకేయే రాముడును, సీతయు. ఒకే మనుష్యుడు ఇరువురి వేషములను ధరించెనని తెలిసియు, రాముడు తెరపై కానవచ్చినంతనే ప్రేక్షకులు పాదరక్షలు విడిచి కూర్చుండిరట. మద్రాసులో వసూలైన నాణెములను పోలీసు కాపుదలతో ఎద్దుబండిమీద తరలింపవలసి వచ్చెనని చెప్పుదురు. జనులు మ్రొక్కినది వంటవానికి కాదు. వానియందు తాము చూచుకొన్న రామునికి. 1918లో శ్రీకృష్ణ జన్మము, 1919లో కాళీయ మర్దనము వచ్చెను. బాలకృష్ణుడుగా నటించినది ఫాల్కే కుమార్తె మందాకిని. గిర్గాం సినిమాశాలలో క్రీస్తును చూచుచు తండ్రి మనస్సున గాంచిన కృష్ణుడు ఈ విధముగా కుమార్తె రూపమున తెరకెక్కెను.

తెలుగువారికి ఈ కథ ముందే తెలిసినట్లు తోచుట సహజము. బందరు వాస్తవ్యుడు రఘుపతి వెంకయ్య ఫాల్కేకంటె కొన్ని మాసములు పెద్ద. ఆయనయు ఛాయాగ్రాహకుడే, మద్రాసులో చిత్ర ప్రదర్శనములకు దారి తీసినవాడు. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన మూకీ భీష్మ ప్రతిజ్ఞ. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద. ఆ మార్గముననే నందమూరి తారక రామారావు కృష్ణుడై ఇంటింటి పటములలో నిలిచెను. తిరుపతి యాత్రికులు మద్రాసులో ఆయన ఇంటికిని పోయి దర్శనము చేసికొనిరి. 1978 డిసెంబరులో, క్రిస్మస్ ముందర, కరుణామయుడు విడుదలయ్యెను. విజయచందర్ యేసు పాత్ర ధరించిన ఆ చిత్రము అన్యభాషలలోనికి అనువదింపబడి పల్లెపల్లెను ఆరుబయట ప్రదర్శింపబడెను. క్రీస్తు చిత్రము నుండి పురాణచిత్రము పుట్టెను. పురాణచిత్రములకు అలవడిన తెలుగు ప్రేక్షకుని యెదుటికి క్రీస్తు చిత్రము తెలుగు మాటతో తిరిగివచ్చెను. ఋణము తీరినట్లే గదా!

ఫాల్కే ఋణమును మాత్రము లోకము ఆయన బ్రతికియుండగా తీర్పలేదు. 1918లో ఏర్పడిన హిందూస్థాన్ కంపెనీలో భాగస్వాములతో పొసగక కాశీకి పోయి నాటకము వ్రాసెను. మరల వచ్చి పనిచేసెను. ఇంతలో కాలము మారెను. బొమ్మకు మాట వచ్చెను. ప్రేక్షకుని అభిరుచి మారెను. ఆయన తీసిన ఏకైక టాకీ గంగావతరణము 1937లో వెలువడెను. చలనచిత్ర పరిశ్రమ రజతోత్సవములు జరుపుకొన్నప్పుడు ఆ పరిశ్రమకు జన్మనిచ్చిన వృద్ధుడు సామాన్య ప్రేక్షకుల నడుమ కూర్చుండియుండగా, వి. శాంతారామ్ గుర్తించి సగౌరవముగా వేదికమీదికి తీసికొనిపోయెను. నిర్మాతలచే విరాళములు ఇప్పించి నాసిక్‌లో ఆయనకొక ఇల్లు సమకూర్చెను. ఆ యింట ఆయన చిరకాలము నివసింపలేదు. 1944 ఫిబ్రవరి 16వ తేదీన నాసిక్‌లో పరమపదించెను.

పాదరక్షలు విడిచి మ్రొక్కిన ప్రేక్షకులే కొంతకాలమునకు మ్రొక్కించినవానిని మరచిరి. ఇది ప్రేక్షకుని దోషమా? కొంతవరకు దోషమే. కాని భక్తిచిత్ర నిర్మాతకు ఇది విధియు కావచ్చును. విగ్రహమునకు మ్రొక్కువాడు శిల్పిపేరు అడుగడు. శిల్పి మరుగుపడినప్పుడే విగ్రహము దైవమగును. ఐనను శిల్పికి అన్నము పెట్టుట ఊరి ధర్మము. ఆ ధర్మమును దేశము ఆలస్యముగా గుర్తించి 1969లో ఫాల్కే పేర పురస్కారము నెలకొల్పెను. 1971లో తపాలా బిళ్ళ వెలువరించెను. బి. ఎన్. రెడ్డి, ఎల్. వి. ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, రామానాయుడు, విశ్వనాథ్ వంటి తెలుగు ప్రముఖులు ఆ పురస్కారమును పొందిరి. త్ర్యంబక పురోహితుని కుమారుని పేరు ఈ విధముగా తెలుగింటి పేరులతో ముడివడెను.

క్రిస్మస్ వచ్చును, తెరలు వెలుగును, పశువుల తొట్టియందలి శిశువు మరల జన్మించును. శాలలో పొరుగు మతస్థుడు ప్రక్కన కూర్చుండి కన్నీరు తుడుచుకొనవచ్చును. అతని కన్నీటిని గౌరవించి, తెరను శ్రద్ధతో చూచినవానికి నష్టమేమియు లేదు. ఎనిమిదణాల టిక్కెట్టుతో అట్లు చూచిన ఒక గృహస్థుడు దేశమునకు ఒక కళనే ఇచ్చెను. పరుల దేవుని చూచి తన దేవుని మరింత స్పష్టముగా కనుగొనుటయే ఆయన పొందిన వరము. పలు రాష్ట్రముల, పలు మతముల జనులు ఒకే వీధిలో నివసించు పర్వత్ పాటియా వంటి చోట ఆ వరము ప్రతి యింటికిని సిద్ధించుగాక!